పెరటి నీటిలో కప్పలు



ఏటేట ఈ సంచికయందు చదువును గురించియో, క్రమశిక్షణను గురించియో నాలుగు మాటలు వ్రాయుట మాకు పరిపాటి. ఈ మారు కప్పలను గురించి వ్రాయుచున్నాము. శీర్షిక చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మరికొందరు, "మా వాడు అంగీజేబులో కప్పపిల్లను వేసికొని వచ్చినది ఈ అయ్యవారి బోధవలననేనా?" యని మాపై కినియవచ్చును. ఆ కినుకలో కొంత న్యాయము కలదు. అందుచేతనే మేము తెలియక చేసిన పొరపాటును, తరువాత తెలిసికొన్న సంగతులను మీ యెదుట నుంచుచున్నాము.

రెండేండ్ల క్రిందట, జూన్ నెలలో బడి తెరచిన వారమున మంచి వాన కురిసెను. కొన్నాళ్ళకు అయిదవ తరగతి పిల్లలు ఊరి వెలుపలి గుంటనుండి ఒక పెద్ద గాజుసీసా నిండ నల్లని తోకకప్పలను పట్టి తెచ్చిరి. పాఠములో కప్ప జీవితచరిత్ర యున్నది గదా, కన్నులార చూతురు గాక యని మేము సంతోషించితిమి. సీసాను కిటికీలో ఎండ తగులుచోట పెట్టించితిమి. నీరు మురికిగా నున్నదని పారబోయించి, కుళాయినీరు నిండ పట్టించితిమి. ఆకలిగొనునేమో యని అన్నపు మెతుకులు వేయించితిమి. ఈ మూడును మా యాజ్ఞలే. మూడవనాటి ఉదయమునకు సీసాలో ఒక్క ప్రాణియు మిగులలేదు. కంపుకొట్టుచున్న ఆ నీటిని పెరటిలో పారబోయుచుండగా ఒక బాలిక మెల్లగా, "మనం తేకుండా ఉంటే బతికేవి కదా, సార్?" అని యడిగినది. మాకు బదులు దొరకలేదు.

ముప్పది యేండ్లుగా "కప్ప ఉభయచరము" అని చెప్పుచున్నవారము. ఇంటర్మీడియెట్ చదువునాడు మైనపు పళ్ళెములో కప్పను గుండుసూదులతో గ్రుచ్చి, కోసి, దాని గుండెను, కాలేయమును చూపి మార్కులు సంపాదించినవారము. కాని గ్రుడ్డునుండి కప్పవరకు ఒక్క ప్రాణినైన బ్రతుకనిచ్చి చూచినవారము కాము. దాని లోపలి భాగముల పేర్లన్నియు మాకు తెలియును. దానికెట్టి నీరు కావలెనో తెలియదు.

ఆ వారమే ఆ బాలిక అవ్వ పిల్లను తీసికొనిపోవ బడికి వచ్చెను. జరిగినది చెప్పి, వీనిని పెంచు విధ మేమని అడిగితిమి. ఆమె నవ్వి, "కప్పల్ని మనం సాకేదేమి అయ్యవారూ? నీళ్ళుంటే అవే వస్తాయి, అవే పోతాయి" అనెను. తరువాత గ్రంథములు చదివియు, తెలిసినవారి నడిగియు మేము నేర్చుకొన్నదంతయు ఆ మాటకు వివరణమే యని చెప్పవచ్చును.

కప్పలను ఎప్పుడు, ఎట్లు చూడవలెను?

మన హోసూరు ప్రాంతమున మే నెల జల్లులకు ఒకమారు, సెప్టెంబరు అక్టోబరు వానలకు మరియొకమారు నేల బాగుగ తడియును. ఎండకాలమంతయు మట్టిలోను, రాళ్ళక్రిందను, గోడల పగుళ్ళలోను దాగియున్న కప్పలు ఈ వానలకు వెలువడును. వానిని కనుగొనుటకు వలకన్న చెవి ముఖ్యము. వాన వెలిసిన రాత్రి పెరటి దీపమార్పి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. అరచునవి మగకప్పలు. అవి గొంతుక్రింది సంచిని గాలితో ఉబ్బించి ఆడుకప్పలను పిలుచుచుండును. ప్రతి జాతికిని వేరు పిలుపు కలదు. నాలుగు రాత్రులు శ్రద్ధగా విన్న పిల్లవాడు కన్నులు మూసికొనియే ఇది ఫలానా కప్ప యని చెప్పగలడు.

మన చుట్టుప్రక్కల సులభముగ గుర్తింపదగినవి అయిదు రకములు.

మొదటిది గోదురుకప్ప. మన కప్పలలో పెద్దది. 15 సెంటీమీటర్ల వరకు పెరుగును. తొలివానలకు మగకప్ప ఒడలు నిమ్మపండు రంగునకు మారును. గొంతుకు ఇరుప్రక్కల నీలిసంచులు ఉబ్బును. ఇది పొలములలోని వానగుంటలను కోరును. పెరటికి వచ్చుట అరుదు.

రెండవది బావులలోను, కుంటలలోను కన్నులు మాత్రము పైకుంచి తేలుచుండు కప్ప. అలికిడియైనంతనే, పిల్లలు నీటిపై విసరిన పెంకువలె, మునుగక తప్పతప్ప గెంతుచు పోవును.

మూడవది ఒడలెల్ల పొక్కులుండు నేలకప్ప. దీనిని తమిళులు తేరై యందురు. వీధిదీపము క్రిందను, ఇంటి గడపకడను పురుగులకై కాచుకొని యుండునది ఇదియే.

నాలుగవది చెట్టుకప్ప. దీని వ్రేళ్ళ చివరల గుండ్రని చిన్న బిళ్ళలుండును. వాని సాయమున నిలువుగోడ నెక్కును. స్నానపుగదిలో గోడ నంటి యుండి మన ఆడువారిని బెదరగొట్టునది ఇదియే. కాని దీనివలన ఎట్టి హానియు లేదు.

అయిదవది అంగుళమునకు మించని చిన్నకప్ప. గడ్డిలో దాగి యుండును. దేహము గోరంతయైనను గొంతు మాత్రము చాల పెద్దది.

కప్పలు కానరానిచోట గ్రుడ్లనుబట్టి జాతిని తెలిసికొనవచ్చును. నల్లపూసలు గ్రుచ్చిన జిగురుదారముల వలె నీటిలో చుట్టుకొని యున్నచో అవి నేలకప్ప గ్రుడ్లు. నీటిపై ఒకే పలుచని పొరగా చుక్కలు చుక్కలుగా తేలుచున్నచో చిన్నకప్ప వగుట కవకాశము కలదు. నీటికి పైన తొట్టిగోడకో, వ్రేలాడు ఆకుకో సబ్బునురుగు ముద్దవంటిది అంటియున్నచో అది చెట్టుకప్ప గూడు. ఆడుకప్ప తన దేహమునుండి స్రవించు ద్రవమును కాళ్ళతో చిలికి ఆ నురుగు చేయును. పైభాగమెండి అట్టకట్టినను లోపల తేమ నిలుచును. కొన్ని దినములకు పిల్లలు ఆ నురుగునుండి జారి క్రింది నీటిలో పడును. ఎవరో ఉమ్మివేసిరనియు, సబ్బు అంటుకొన్నదనియు భావించి తల్లులు ఈ గూండ్లను చీపురుతో గీకివేయుట కద్దు. ఈ సంగతి యొక్కటి జ్ఞాపకముంచుకొన్నను ఎన్నియో ప్రాణములు దక్కును.

గ్రుడ్డునుండి కప్పవరకు

మన వెచ్చని నీటిలో గ్రుడ్లు పెక్కింటికి ఒకటి రెండు దినములలోనే పొదుగు తీరును. అప్పుడు పుట్టిన తోకకప్పకు కాళ్ళు లేవు. మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును పీల్చును. చాల జాతుల తోకకప్పలు నాచును, క్రుళ్ళిన ఆకులను గీకి తినును. అట్టి యాహార మరుగుటకు దాని కడుపులో గడియారపు చుట్టవలె పొడవైన ప్రేగు చుట్టుకొని యుండును. తెల్లని పళ్ళెములో నీరుపోసి చూచినచో ఈ చుట్ట చర్మము గుండ కనబడును.

కొన్ని వారములకు వెనుక కాళ్ళు వచ్చును. తరువాత ముందుకాళ్ళు పొడచూపును. ఈ సమయమున లోపల గొప్ప మార్పు జరుగుచుండును. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేయును. పొడవైన ప్రేగు కుదించుకొనిపోవును. చిన్ననోరు వెడల్పై కీటకములను మ్రింగదగినదగును. తోక తెగి రాలిపోవునని మేమును చిన్ననాట అనుకొనుచుంటిమి. అది తప్పు. తోక క్రమముగ దేహములోనికి ఇంకిపోవును. ఆ కొలది దినములు ఆ ప్రాణి ఏమియు తినదు. తోకలోని సారమే దానికి ఆహారము. గ్రుడ్డు మొదలు చిన్నకప్ప వరకు జాతినిబట్టి, వెచ్చదనమునుబట్టి, తిండినిబట్టి సాధారణముగ నెల మొదలు రెండు నెలల వరకు పట్టును.

ఇందు తల్లిదండ్రులు గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి. ముందుకాళ్ళు వచ్చి, ఊపిరితిత్తులతో గాలి పీల్చసాగిన పిల్లకప్పకు గట్టెక్కు దారి లేనియెడల అది నీటిలోనే మునిగి చచ్చును. నిట్రగోడల సిమెంటు తొట్టిలోను, గాజుసీసాలోను పెక్కు ప్రాణులు కడపటి మెట్టున నశించుట కిదియే కారణము.

పెరటి కొలను

పెరటిలో కొంత చోటున్నవారు మీటరున్నర పొడవు, మీటరు వెడల్పుగల గుంట త్రవ్వింపవచ్చును. ఒకవైపు నేలతో సమముగ మొదలై క్రమముగ లోతగుచు, రెండవవైపు జానెడు లోతుండిన చాలును. రాళ్ళు ఏరివేసి, ఇసుక పరచి, దానిపై చిరుగులు లేని టార్పాలిన్ పరచి, అంచులను రాళ్ళతో అదుమవలెను. చోటు లేనివారు పాత సిమెంటు తొట్టిని నేలలో పాతి, లోపల ఇటుకలను మెట్లవలె పేర్చి, ఏటవాలుగ ఒక చెక్కను నిలుపవలెను. మధ్యాహ్నపు ఎండ సగము కొలనుపై పడకుండ ఏదైన చెట్టునీడ యుండుట మేలు. తుంగయో, కలువయో ఒకటి రెండు నాటవచ్చును. గుఱ్ఱపుడెక్కను మాత్రము వేయరాదు. అది నీటినంతయు కప్పి గాలి చొరనీయదు. ఒడ్డున కొన్ని రాళ్ళును, కుండపెంకులును బోరగిల పెట్టిన పిల్లకప్పలకు దాగుచోటగును.

నీటి విషయమున మేము చేసిన తప్పు మీరు చేయవలదు. వాననీరు అన్నిటికన్న శ్రేష్ఠము. కుళాయినీటిలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. మనకు మేలుచేయునదే తోకకప్ప మొప్పలకు విషమగును. అట్టి నీటిని వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు దినములు ఎండలో, మూతలేక నిలువయుంచి తరువాత పోయవలెను. నీరు పచ్చగా నున్నంత మాత్రమున చెడినదని యెంచరాదు. ఆ నాచే వాని అన్నము. కంపుకొట్టినపుడు మాత్రము మూడవవంతు తీసి, నిలువనీరు పోయవలెను. ఒక్కమారే అంతయు మార్చరాదు. బట్టలుతికిన నీరు, బ్లీచింగు పొడి, పురుగుమందు ఈ చెంతకు రానీయరాదు.

ఆ కొలనులోనికి ఎచ్చటినుండియో కప్పలను పట్టి తెచ్చి వేయవలసిన పనిలేదు. వేయనురాదు. కప్పల చర్మమునకు సోకు ఒక బూజువ్యాధి అనేక దేశములలో కొన్ని జాతులను నిర్మూలించినది. ఒక గుంటలోని నీటిని, ప్రాణులను మరియొక గుంటకు మోయుటవలన ఇట్టి వ్యాధులు ప్రాకును. అదియునుగాక తెచ్చిన పెద్దకప్ప నిలువదు. తాను పుట్టిన నీటిని వెదకికొనుచు వీధిన పడి బండ్లక్రింద నలగును. "కప్పల తక్కెడ" అని మనవా రూరక యనలేదు. నీరుంచి వేచియుండుడు. ఒక వాన, కాకున్న మరియొక వానకు అవే వచ్చును. ఒక యేడు రాకపోయినను నిరాశ చెందరాదు.

పెంపకమున పాటింపవలసినవి

నాచు బాగుగ నున్న కొలనులో వేరుగ తిండి పెట్టనక్కరలేదు. తొట్టి క్రొత్తదై నాచు పట్టనిచో, తోటకూరయో పాలకూరయో మెత్తగ ఉడికించి, ఉప్పు వేయక, చల్లార్చి, పిల్లవాని చిటికెడంత వేయవలెను. మరునాటికి మిగిలినదానిని తీసివేయవలెను. అన్నము, రొట్టె, బిస్కత్తు వేసినచో నీరు పులిసి, అందలి ప్రాణవాయువు తరిగిపోవును. మా సీసాలో జరిగినది ఇదియే.

చేపలను కొలనులో వేయరాదు. దోమలకై పంచిపెట్టు గంబూసియా చేపలు కప్పగ్రుడ్లను, పిల్లలను కూడ తినును. గోదురుకప్ప తోకకప్పలు తమకన్న చిన్నవైన ఇతర తోకకప్పలను తినును. కావున కొలనులో ప్రాణులు కొన్ని తరుగుటచూచి పిల్లలు ఒకరిపై నొకరు నేరము మోపుకొనకుండ ముందే చెప్పవలెను. తూనీగపిల్లలును, కాకులును తమ పాలు తీసికొనును. నేలకప్ప వేలకొలది గ్రుడ్లు పెట్టుట ఇందుకే; పెద్దవగునవి కొన్నియే.

కప్పను ఊరక ముట్టనీయరాదు. అది చర్మముతోనే నీరు త్రాగును, చర్మముతో కొంత ఊపిరియు పీల్చును. మన చేతులకంటిన సబ్బు, ఉప్పు, చేతులు శుభ్రపరచు ద్రవము దాని లోనికి ఇంకును. దారిలో చిక్కిన కప్పను తీయవలసివచ్చినచో చేతులను మంచినీటితో తడిపి మెల్లగ తీసి, ప్రక్కన విడిచి, తరువాత సబ్బుతో కడుగుకొనవలెను. ఇంటిలోనికి వచ్చిన కప్పపై ఉప్పు చల్లుట కొందరికి వాడుక. అది దాని నొడలంతయు కాల్చుటతో సమానము. చేట యడ్డుపెట్టి వెలుపలికి త్రోయుట చాలును.

తల్లిదండ్రుల భయములు

ఈ సంగతులను సమావేశమున చెప్పినపుడు మీలో పలువురు వ్యక్తపరచిన భయములు నిజమైనవే. ఒక్కొక్కదానికి మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుచున్నాము.

మొదటి భయము దోమలు, డెంగీ జ్వరము. నిలిచిన నీటిలో దోమ గ్రుడ్డుపెట్టుట నిజము. కొన్ని తోకకప్పలు దోమపిల్లలను తినును, కాని వానినే నమ్ముకొని యూరకుండరాదు. దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువరకు ఇంచుమించు వారము పది దినములు పట్టును. కావున వారమునకు రెండుమార్లు టీ వడగట్టు జల్లెడతో నీటిపై వణకుచు తేలు దోమపిల్లలను తీసివేసిన అవి దోమలు కాజాలవు. ఈ పని పిల్లలదే కావలెను. పని చేయలేనివారు కొలను పెట్టుకొనకుండుటయే మంచిది. పెరటిలోని పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, పూలకుండీల పళ్ళెములు ఇవియే డెంగీ దోమకు ముఖ్యస్థానములు. వానిలో నీరు చుక్కయు నిలువరాదు. వీధిలో జ్వరములు ప్రబలి ఆరోగ్యశాఖవారు నీరు తీయుమన్నచో సందేహింపక తీయవలెను. పిల్లల ఆరోగ్యము కప్పలకన్న ముందు.

రెండవది పాముల భయము. నీరుకట్టు పామును, జెర్రిపోతును కప్పలను తినును. కాని మన యిండ్లకు పాములు ఎక్కువగ వచ్చునది ఎలుకలకై. కొలనును ఇంటి గోడకు దూరముగ, బయలుచోట నుంచవలెను. దాని ప్రక్కన కట్టెలమోపులు, ఇటుకల కుప్పలు ఉంచరాదు. రాత్రి వేళ పెద్దవారు తోడులేక, చేతిదీపము లేక పిల్లలు పోరాదు. రాతి సందులలో చేయి పెట్టరాదు.

మూడవది, కప్పను ముట్టిన పులిపిరులు వచ్చునన్న నమ్మకము. పులిపిరులు మనుష్యులలో ఒకరినుండి ఒకరికి సోకు సూక్ష్మజీవివలన వచ్చునే గాని కప్పవలన రావు. కాని నేలకప్ప కన్నుల వెనుక నుబ్బిన గ్రంథులలో చేదైన విషద్రవము కలదు. అది కంటిలోను, నోటిలోను పడిన మంట కలుగును. దానిని నోట కరచిన కుక్కలు నురుగు కక్కును. కావున భయమువలదు, చేతులు కడుగుకొనుట మాత్రము మరువరాదు.

నాలుగవది ఎవరును అడుగలేదు గాని మేమే చెప్పవలసినది. తప్పటడుగుల పాప యున్న యింట జానెడు నీరును ప్రమాదమే. అట్టి యిండ్లలో చుట్టును కంచె కట్టవలెను, లేదా పాప పెద్దదగువరకు ఆగవలెను.

ఇంత జాగ్రత్త ఎందులకు?

"పిల్లలు చదువుకొనక కప్పల వెంట తిరుగుటవలన ప్రయోజనమేమి?" అని ఒక తండ్రి మమ్ముల నడిగెను. "విడువుమన్న పాముకు కోపము, కరువుమన్న కప్పకు కోపము" అను సామెతను త్రిప్పి చెప్పినట్లు, చదువుమన్న పిల్లలకును, ఆడుమన్న పెద్దలకును మాపై కోపమే. అయినను బదులు చెప్పవలెను.

కప్ప మనకు పనివాడు. వానపడిన రాత్రి లేచు ఉసుళ్ళను, బొద్దింకలను, పైరు కొరుకు పురుగులను అది తినును. ఒకప్పుడు మన దేశమునుండి కప్పకాళ్ళు విదేశములకు ఆహారముగా ఎగుమతి యయ్యెడివి. పొలములనుండి కప్పలు పోయి పురుగులు పెరుగుచున్నవన్న ఆందోళనము బలపడగా 1987లో ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో కప్పలకును చోటు కల్పించిరి. మావంటివారు నేర్చిన కోతచదువును కూడ నిలుపుడని 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఉత్తరువు చేసెను. ఇన్ని చేసినను ప్రపంచమున ఉభయచర జాతులలో ప్రతి అయిదింట రెండు నశించు స్థితిలో నున్నవని 2023లో శాస్త్రజ్ఞులు లెక్కతేల్చిరి. గుంటలు పూడి, ఇండ్లు లేచి, పెరళ్ళు సిమెంటుతో కప్పబడుచున్న మనవంటి ఊళ్ళలో ఈ లెక్క అర్థమగుటకు శాస్త్రజ్ఞులు రానక్కరలేదు. వానరాత్రి చెవియొగ్గిన చాలును.

రెండవ ప్రయోజనము మన బడికి సంబంధించినది. మన పిల్లలు వీధిలో తమిళపు నేస్తులవద్ద తలైప్పిరట్టై యనియు, కన్నడపు నేస్తులవద్ద గొదమొట్టె యనియు, ఆంగ్లమున టాడ్‌పోల్ అనియు ఈ ప్రాణి పేరు నేర్చిరి. తోకకప్ప యను మాట పుస్తకమున చదివిరే గాని నోట పలుకలేదు. కొలనువద్ద అవ్వలు, తాతలు కూర్చుండి మాటలాడిన పిమ్మట నురుగుగూడు, జిగురు, నాచు, ఉసుళ్ళు, తూనీగ, జాన, బెత్తెడు అను మాటలు పిల్లల నోట తమంతట తామే పలికినవి. నాలుగు పేర్లును ఒకే ప్రాణివి. ఒకటి నేర్చుటకు మరియొకటి విడువనక్కరలేదు. కాని ఇంటిలోని మాట ఇంటివారు పలికిననే నిలుచును. చూచిన వస్తువు పేరు మరపునకు రాదు. చూడని వస్తువు పేరు పరీక్షతోనే పోవును.

ఈ యేటి సంగతి

గత వేసవి సెలవులకు ముందు బడి పెరటిలో మూలబడియున్న పాత తొట్టిని నేలలో పాతించి, వాననీటికై వదలితిమి. ఎవరును ఏమియు తేరాదని పిల్లలకు చెప్పితిమి. బడి తెరచిన కొన్నాళ్ళకు తొట్టి లోపలి అంచున ఒక నురుగుముద్ద కనబడెను. ఊడ్చు అమ్మ చీపురు ఎత్తగా పిల్లలందరు కేకలువేయుచు అడ్డుపోయిరి. ఆనాటినుండి తొట్టికి వారే కావలి. ఇద్దరిద్దరు వంతులుగా నీటి మట్టమును కొలచుట, దోమపిల్లలను జల్లెడపట్టుట, చూచినదానిని నోటుపుస్తకమున తెలుగులో వ్రాయుట వారి పని. కాకి యెత్తుకొనిపోయిన దినమున పుస్తకములో కాకికి తిట్లు కూడ కలవు, మేము దిద్దలేదు.

ఒక సోమవారము ఉదయమున తొట్టిలో ఏమియు లేదు. శని ఆదివారముల వానలో పిల్లకప్పలన్నియు చెక్క నెక్కి వెడలిపోయినవి. చిన్నతరగతి పిల్లలు కొందరు ఏడ్చిరి. ఆనాటి వంతు రెండేండ్ల క్రిందట మమ్ము ప్రశ్నించిన బాలికది; ఇప్పుడామె ఏడవ తరగతి చదువుచున్నది. ఆమె వ్రాసిన పంక్తిని ఉన్నది ఉన్నట్లు ఇచ్చట నుంచుచున్నాము: "ఈ రోజు తొట్టిలో ఒక్కటీ లేదు. ఒక్కటీ చావలేదు, పోయినాయి."

తల్లిదండ్రులకు మా మనవి మూడు మాటలు. రాబోవు వానలలోపల, వీలున్నవారు పెరటిలో జానెడు నీరు నిలుపుడు. పిల్లలచేత వారమునకు రెండు పర్యాయములు దానిని శుభ్రము చేయించుడు. ఒక రాత్రియైనను దీపమార్పి వారిప్రక్కన కూర్చుండి, ఆ కప్పల పేర్లు మీకు తెలిసిన తెలుగులో చెప్పుడు. మీకు తెలియనిచో ఇంటిలోని అవ్వనో, తాతనో పిలువుడు. ఏ పేరు చెప్పినను పిల్లలచేత వ్రాయించి బడికి పంపుడు. ఆ పేర్లన్నిటిని కూర్చి వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింపగలము.